టైలు వెనక తడి

అక్టోబరు 6

రాద్మిల బాత్రూం పగలగొట్టిస్తోంది. వంటింట్లో ఎర్ర మిరపకాయలు కాలుస్తూ, ఇటు తిరక్కుండానే చెప్పింది.

"సోమవారం నుంచి మనిషొస్తాడు. పొద్దున్నే లేచి నీ పనులు కానిచ్చుకో. పగలంతా నీళ్ళు కట్టేస్తారు."

"ఏ మనిషి?" అన్నాను.

"టైల్స్ వేసే మనిషి."

"టైల్స్ వేసేవాడు ఈ ఇంట్లోనే ఒకడున్నాడు."

"ఉన్నాడనే పెళ్ళైన కొత్తలోంచీ వింటున్నా."

ఆమె అలాగే మాట్లాడుతుంది. పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుని జనంతో మాట్లాడీ మాట్లాడీ గొంతు అలా తయారైంది. విడాకులై రెండేళ్ళు దాటినా ఆ గొంతు వింటూనే ఉన్నాను. కోర్టు మమ్మల్ని విడదీసింది గానీ ఇంటిని విడదీయలేకపోయింది. పెద్ద గది ఆమెది, బాత్రూం పక్క గది నాది. ఫ్రిజ్‌లో కింది అర నాది.

మా బాత్రూంలో గోడలకి నడుమెత్తు దాకా పచ్చ పెయింటు, ఆపైన సున్నం. నిజమే. వేద్దామనుకున్న ప్రతిసారీ ఊళ్ళో ఎవరికో అంతకన్నా తొందర పడేది. అందులో నా తప్పేమీ లేదు. మా స్మెదెరెవో ఊళ్ళో నా చేతి గోడ లేని వీధి ఉందేమో చూపించమనండి.

అక్టోబరు 9

వచ్చాడు. పేరు స్రెచ్కో. నలభై ఏళ్ళుంటాయి. గుమ్మంలోనే బూట్లు విప్పి, నా గది తలుపు దగ్గరకొచ్చి, "నమస్కారం మేస్త్రీ గారూ. మీ ఇంట్లో పని చెయ్యాలంటే కాస్త భయంగానే ఉంది," అన్నాడు.

"భయం మంచిదే," అన్నాను.

మొన్న మొన్నటి దాకా బస్సు నడిపేవాడట. ఆ రూటు ఎత్తేశారు. ఫోనులో వీడియోలు చూసి పని నేర్చుకున్నాడు. నేను ఈ పని నేర్చుకుంటున్నప్పుడు మా గురువు కోసిన టైలు ముక్కతో నా మెటికల మీద కొట్టేవాడు. ఇప్పుడు వేలితో గాజు మీద రాస్తే చాలు, మేస్త్రీ అయిపోతారు.

టబ్బు పీకేశాడు. మళ్ళీ టబ్బు పెట్టరట, నేలకి సమానంగా షవర్ పెడతారట. టబ్బున్న ఇంటికే మంచి బేరం వస్తుందని అందరికీ తెలుసు. ఆమెకి ఎవరో కొత్త ఆలోచనలు నేర్పుతున్నారు.

మోకాలు వాచింది. ఆగస్టులో ఆపరేషను చేసి కొత్తది వేశారు. ఇక జన్మలో మోకాళ్ళ మీద కూర్చోవద్దన్నాడు డాక్టరు. టైల్స్ వేసేవాడు మోకాళ్ళ మీద కాక తల మీద కూర్చుంటాడా అని అడిగాను. నవ్వాడు. వాడికి నవ్వులాటగానే ఉంటుంది.

అక్టోబరు 11

ఈ రోజు గోడ టైల్స్. మంచం మీద పడుకుని అంతా విన్నాను. టైలుకి కన్నం పెట్టేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి చెయ్యి ఎలాంటిదో చెప్పగలను. వాడు డ్రిల్లుని దెబ్బ కొట్టే పద్ధతిలోనే ఉంచాడు. సిమెంటు గోడకైతే అది సరే. పైన గాజు పూత ఉన్న టైలు మీద అలా కొడితే గుడ్డు మీద సుత్తి దెబ్బే. తడతడతడ, తర్వాత టప్పున ఒక చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. తర్వాత సన్నగా ఒక బూతు.

మళ్ళీ తడతడ. మళ్ళీ టప్పు.

మధ్యాహ్నం కింది అంతస్తు పెర్సీద మామ్మ చారు తెచ్చింది. ఆపరేషనైన రోజు నుంచీ తెస్తోంది. కోడి చారు, సన్న సేమియా. మెట్లెక్కి వచ్చి, ఊపిరి తీసుకుని, గిన్నె పెట్టి, "తిను నాయనా. ఎముకలో బలం ఉంటేనే నోట్లో చేదు తగ్గుతుంది," అంది. ఎనభై దాటినా ఆ నోరు ఆగదు.

లోపల మళ్ళీ టప్పుమంది. మామ్మ ఉలిక్కిపడింది.

"ఏం చేస్తున్నాడు ఆ పిల్లాడు?"

"నేర్చుకుంటున్నాడు."

"నువ్వు నవ్వుతున్నావేం?"

నేను నవ్వలేదు.

సాయంత్రం వెళ్ళే ముందు స్రెచ్కో పగిలిన టైలొకటి పట్టుకొచ్చాడు. కన్నం సగం దాకా బాగా వచ్చి, అక్కణ్ణుంచి మూలకి చీలిపోయింది. "షవర్ పైపుల దగ్గర ఒక్కటీ నిలవడం లేదు మేస్త్రీ గారూ. మీరైతే ఏం చేస్తారు?"

చెప్పకూడదనుకున్నాను. కానీ పగిలిన టైలు చేతిలో పెడితే నా నోరు ఊరుకోదు. "దెబ్బ ఆపెయ్. ఉత్తినే తిరగనీ. వజ్రపు అంచు కట్టర్ కొనుక్కో. మొదట పక్కకి వంచి పట్టు, చంద్రవంకలాగా గీత పడ్డాక మెల్లిగా నిటారు చెయ్. తడి స్పాంజితో నీళ్ళు పిండుతూనే ఉండు. నొక్కకు. దాన్నే కొరకనివ్వు."

రాసుకున్నాడు. నా మాట రాసుకున్నాడు.

అక్టోబరు 12

ఒక్క టైలూ పగల్లేదు.

అక్టోబరు 13

ఒక రోజులో నేర్చుకున్నది పనీ కాదు, ఏమీ కాదు.

రాద్మిల పోస్టాఫీసు నుంచి తొందరగా వచ్చింది. వంటింట్లో వాళ్ళిద్దరూ కాఫీ తాగుతున్నారు. నా తలుపు ఓరగా ఉంది. వినాలని కాదు, అలా వినిపించింది.

"గోడ అద్దంలా వచ్చింది," అంది ఆమె.

"మేస్త్రీ గారు చెప్పినట్టే చేశానండి."

"ఆయన చెప్తాడు. చెప్పడం బాగానే వచ్చు. నువ్వు వారంలో చేశావు. నేను ఆ పచ్చ పెయింటు చూస్తూనే ముసలిదాన్నయిపోయాను."

నవ్వింది. ఆమె నవ్వు అలా ఉంటుందని మర్చిపోయాను. ఎవరైనా అడిగితే ఆమెకి నవ్వడం రాదనే చెప్పేవాణ్ణి.

ఆ తర్వాత కాసేపటికి స్రెచ్కో నన్ను పిలిచాడు. "ఒక్కసారి వచ్చి చూస్తారా? ఒక అనుమానం."

కర్ర పట్టుకుని వెళ్ళాను. వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపే షవర్ మిక్సర్ వచ్చే చోట గోడలోంచి రెండు పైపుల మూతులు బయటికున్నాయి. ఎడమ దానికి కొలత కొంచెం తప్పింది. టైలు అతికించేశాక కన్నం పెద్దది చేయాల్సొచ్చింది. ఆ కన్నం అంచుని, వెనక గోడని ఉలితో కొట్టాడు. ఉలి దెబ్బ వెనకున్న పాత ఇనప పైపు మలుపుకి తగిలినట్టుంది. నీళ్ళు వదిలి చూస్తున్నాడు. కన్నంలో సిమెంటు నల్లబడి ఉంది.

"ఇక్కడ తడిగా ఉంది మేస్త్రీ గారూ. కట్టర్ మీద పిండిన నీళ్ళేనా, లోపల్నుంచి వస్తోందా? నాకు తేలడం లేదు."

వంగాను. వేలు పెట్టాను. తుడిచాను. మళ్ళీ చూశాను. పైపు మర దగ్గర ఆవగింజంత నీటి బొట్టు కూడుకుంటోంది.

వంటింట్లో రాద్మిల ఏదో పాట కూనిరాగం తీస్తూ కప్పులు కడుగుతోంది.

"కోసేటప్పటి నీళ్ళే. ఆరిపోతుంది. బిళ్ళ పెట్టి మూసెయ్," అన్నాను.

"బతికించారు," అన్నాడు. మెరిసే గుండ్రటి బిళ్ళ ఒకటి పైపుకి తొడిగి, కన్నం కనపడకుండా గోడకి నొక్కాడు.

అక్టోబరు 14

ఆ బొట్టు నిజంగా కోసేటప్పటి నీళ్ళదే అయ్యుండొచ్చు. వెలుతురు సరిగా లేదు. నా కళ్ళద్దాలు గదిలోనే ఉండిపోయాయి.

అక్టోబరు 15

ఆ రోజు కళ్ళద్దాలు పెట్టుకునే వెళ్ళాను.

అక్టోబరు 17

స్రెచ్కో పని ముగించి వెళ్ళిపోయాడు. అందరూ వచ్చి చూసి వెళ్తున్నారు. మా మెట్ల మీదున్న వాటాలన్నిటికీ పెద్ద, వెలీజార్ వచ్చాడు. ఉక్కు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా రిటైరైనవాడు, ఇప్పుడు ఈ మెట్లనే ఫ్యాక్టరీ అనుకుంటాడు. గోడ మీద మెటికలతో కొట్టి విని, తన బాత్రూం కూడా స్రెచ్కోకే ఇస్తానన్నాడు. పై అంతస్తు వాళ్ళూ అడిగారట.

"నీకు కష్టంగా లేదు కదా తమ్ముడూ?" అన్నాడు నాతో.

"నాకెందుకు కష్టం?"

షవర్ కింద నిలబడ్డాను. గడప లేదు, ఎక్కడమూ దిగడమూ లేదు. నీళ్ళు వేడిగా, ధారగా వచ్చాయి. బిళ్ళ చుట్టూ పొడిగానే ఉంది. నీళ్ళు ఇటు రావు. పోతే గోడ వెనకగా కిందికే పోతాయి.

అక్టోబరు 20

పెర్సీద మామ్మ చారు తెచ్చింది. తన బాత్రూం పైకప్పులో మచ్చ ఒకటి పడిందంది. "బల్గేరియా పటంలా ఉంది నాయనా. రోజుకి కొంచెం పెరుగుతోంది. యుద్ధం చేస్తున్నట్టుంది."

"పాత భవనం మామ్మా. చలికాలం వస్తే గోడలకి చెమట పడుతుంది," అన్నాను.

"గోడకి కూడా చెమటా," అని నవ్వింది. నా గిన్నె కడిగి తీసుకుపోయింది.

రేపు రాద్మిలకి చెప్తాను.

అక్టోబరు 21

రాద్మిల తన అక్క దగ్గరికి వెళ్ళింది. వచ్చాక చెప్తాను.

అక్టోబరు 22

వచ్చింది. అలిసిపోయి ఉంది.

అక్టోబరు 24

పొద్దున్న కింది నుంచి ఒక చప్పుడు. మూట కింద పడ్డట్టు. తర్వాత పిల్లి ఏడ్చినట్టు.

వెలీజార్ దగ్గర మామ్మ ఇంటి తాళం ఒకటుంటుంది. అతను తలుపు తీశాడు. నేను కర్రతో ఒక్కో మెట్టూ దిగేసరికి అందరూ ఉన్నారు. బాత్రూం నేలంతా నీళ్ళు. పైకప్పు సున్నం పెళ్ళ ఒకటి ఊడి తొట్టిలో పడింది. మామ్మ తలుపుకి అడ్డంగా పడి ఉంది, ఒక కాలు తిప్పి పెట్టినట్టుంది. నన్ను చూసి, "నువ్వెందుకు దిగావు నాయనా, ఆ మోకాలితో," అంది.

ఆసుపత్రిలో తుంటి విరిగిందన్నారు.

మధ్యాహ్నానికి స్రెచ్కో వచ్చాడు. రాద్మిల ఫోను చేసిందట. రొప్పుతూ వచ్చి, ఎవరూ చెప్పకముందే బిళ్ళ విప్పి, టైలు కొట్టేశాడు. లోపల మలుపు దగ్గర నీళ్ళు ధారగా జారుతున్నాయి. వెనక గోడంతా మెత్తబడి, వేలు పెడితే దిగిపోయేలా ఉంది.

ఇంటినిండా జనం. వెలీజార్ చేతులు కట్టుకుని, "తిహోమీర్, ఈ పనిలో ఈ ఊళ్ళో నిన్ను మించినవాడు లేడు. నువ్వే చెప్పు. ఇది ఎలా జరిగింది?" అన్నాడు.

స్రెచ్కో నా వైపు చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో ఉలితో, చూస్తూ ఉన్నాడు.

"కొలత తప్పింది. అతికించాక కన్నం పెద్దది చేశాడు. ఉలి దెబ్బకి మలుపు కదిలింది," అన్నాను. అందులో ఒక్క అబద్ధమూ లేదు.

"చూసుకోకుండా మూసేశాడన్నమాట," అన్నాడు వెలీజార్.

కాదని నేను అనలేదు. స్రెచ్కో తల దించుకుని తడి సిమెంటు ఎత్తడం మొదలుపెట్టాడు. రాద్మిల నా వెనక కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె ముఖం నాకు కనపడలేదు.

వెళ్ళేటప్పుడు మెట్ల మీద నా కోసం ఆగాడు. బూట్లు తొడుక్కుంటూ నెమ్మదిగా అడిగాడు.

"అందరి ముందూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ రోజు మీకు కనపడిందా?"

"ఎవరి పనికి వాళ్ళే పూచీ," అన్నాను.

"అవును. కన్నం నాదే," అన్నాడు. లేస్‌లు కట్టుకుని దిగిపోయాడు.

అక్టోబరు 25

వెలీజార్ తన బాత్రూం స్రెచ్కోకి ఇవ్వనని చెప్పేశాడు. పై వాళ్ళూ అంతే. పక్క మెట్ల వాళ్ళకి కూడా వార్త పోయింది. మా ఊళ్ళో నీళ్ళకన్నా మాట తొందరగా కిందికి దిగుతుంది.

ఆసుపత్రికి వెళ్ళాను. మామ్మ దిండులో కూరుకుపోయి చిన్న పిల్లలా ఉంది. ఎల్లుండి ఆమె కులదైవం పండగ, సెయింట్ పెత్కా రోజు. పెళ్ళై ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ రోజు దీపం ఆరనివ్వలేదు.

"వ్లాదేత వెలిగిస్తానన్నాడు," అంది. వ్లాదేత ఆమె కొడుకు, పొజారెవాత్స్‌లో ఉంటాడు. "తర్వాత నన్ను తన ఇంటికి తీసుకుపోతాడట. నా ఇల్లు మూసేస్తాడట. నేను వద్దన్నాను. ముసలిదాని మాట ఎవడు వింటాడు."

నేను దుప్పటి సర్దాను.

"ఆ పిల్లాణ్ణి ఏమీ అనకండి. రాద్మిలనీ అనకండి. పాపం, నీ కోసమే కదా అదంతా పెట్టుకుంది."

"నా కోసమా?"

"మరి? నువ్వు ఆ టబ్బు అంచు దాటేటప్పుడు మూలుగుతావట. గోడవతల పడుకుని వినలేకపోతున్నాను మామ్మా అంది. గడప లేని షవర్ పెట్టిస్తానంది. తిహోమీర్‌కి చెప్పకు, తిడతాడు అంది." మామ్మ కళ్ళు మూసుకుంది. "విడిపోయి కూడా ఎందుకురా మీకీ బాధ."

బస్సు దిగాక ఇంటికి రాకుండా దన్యూబ్ నది ఒడ్డున కోట గోడ దగ్గర కూర్చున్నాను. ఆమె నాకెందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే నేనే చెయ్యనా? ఈ మోకాలితోనైనా చేసేవాణ్ణి. చెప్పకపోవడం ఆమె తప్పు.

అక్టోబరు 26

రాద్మిలకి చెప్పాను. వంటింట్లో, ఆమె రొట్టె కోస్తుండగా.

"స్రెచ్కో ఆ తడి నాకు చూపించాడు. నేను మూసెయ్యమన్నాను."

కత్తి ఆగలేదు. "తెలుసు," అంది.

"ఎలా తెలుసు?"

"ఇక్కడే ఉన్నాను కదా. కప్పులు కడుగుతున్నాను. నువ్వు కోసేటప్పటి నీళ్ళే అన్నావు. విన్నాను."

"అయితే ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదు?"

ఆమె రొట్టె ముక్కలు సంచిలో పెట్టి మూతి కట్టింది. చాలాసేపు కట్టింది.

"నమ్మాను గనక. నువ్వు తాగొచ్చి తాగలేదన్నప్పుడు నమ్మలేదు. రేపు వేస్తానన్నప్పుడు నమ్మలేదు. కానీ గోడ ముందు నిలబడి నువ్వొక మాటంటే అది నిజమే అనుకున్నాను. ఆ ఒక్కటీ ఉండేది నీ దగ్గర."

"రాద్మిలా."

"మామ్మ పడిపోయిన రోజు, వెలీజార్ అడిగినప్పుడు చెప్తావేమోనని నీ వెనకే నిలబడ్డాను. అంతా చెప్పావు. అదొక్కటి తప్ప."

తన గదికి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా వేయలేదు. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

అక్టోబరు 27

ఇది రాసి పెట్టుకోవాలి, లేకపోతే రేపటికి వేరేలా గుర్తుంటుంది.

మామ్మ ఇంట్లో పండగ. వ్లాదేత బల్ల మీద ఉడికించిన గోధుమల పళ్ళెం, పండగ రొట్టె, ఎర్ర వైను, పొడుగాటి మైనం వత్తి పెట్టాడు. మెట్ల వాళ్ళందరం వచ్చాం. రాద్మిల కూడా వచ్చింది. బాత్రూం తలుపు మీద దుప్పటి వేలాడదీశారు గానీ తడి సున్నం వాసన ఆగడం లేదు. ఒక్కొక్కరం చెంచాడు గోధుమలు తిని, మామ్మకి ఆరోగ్యం కోరుకున్నాం.

మాటలు స్రెచ్కో మీదికి పోయాయి. ఎవరో నవ్వుతూ, "బస్సు నడపడం కూడా ఫోనులోనే నేర్చుకున్నాడేమో," అన్నారు. వ్లాదేత, "వాణ్ణి ఈ ఊళ్ళో ఇంకో గోడ ముట్టనివ్వను," అన్నాడు.

నేను లేచాను. మోకాలు పట్టేసింది, బల్ల పట్టుకుని నిలబడ్డాను.

"ఆ పిల్లాడు నాకు చూపించాడు. నీళ్ళు కారుతున్నాయా అని అడిగాడు. కారుతున్నాయని నాకు తెలుసు. కారడం లేదని చెప్పాను."

వత్తి చిటపటలాడడం వినిపించింది. ఇప్పుడు వ్లాదేత నా గొంతు పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకుంటే మేలనుకున్నాను.

వ్లాదేత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మ చెప్పింది మీ గురించి. తిహోమీర్ పైకి రాయి, లోపల రొట్టె అంది. వాడి బతుకు పోకుండా మీరు మీద వేసుకుంటున్నారు."

"కాదు. నేను నిజం చెప్తున్నాను."

"మంచితనానికీ ఒక హద్దుండాలి తమ్ముడూ," అన్నాడు వెలీజార్. "ఇంత పనిమంతుడు కారే నీళ్ళు చూసి కూడా ఊరుకుంటాడా? అదీ సొంత ఇంట్లో? చంటి పిల్లాడికి చెప్పు ఈ కథ."

ఎవరో నవ్వారు, ప్రేమగానే. ఎవరో నా చేతిలో రాకియా సారా గ్లాసు పెట్టారు. నేను రాద్మిల వైపు చూశాను. ఆమె ఒక్క మాటంటే చాలు. ఆమె గోధుమల పళ్ళెం వైపు చూస్తూ, చెంచా పక్కన పెట్టి, గ్లాసు నీళ్ళు తాగింది.

వ్లాదేత వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని ఊపాడు. తర్వాత వెలీజార్. తర్వాత మిగతావాళ్ళు. నేను ఊపనిచ్చాను. ఇంకోసారి చెప్పి ఉండొచ్చు. గట్టిగా చెప్పి ఉండొచ్చు. రాకియా బాగుంది, మామ్మ సొంతంగా కాచిన ఆల్‌బుఖారా పళ్ళ రాకియా.

పైకి ఎక్కేటప్పుడు రాద్మిలని అడిగాను. "నువ్వెందుకు చెప్పలేదు?"

"నీ భార్యగా ఉన్నప్పుడు నీ తరపున చాలా మాట్లాడాను," అంది. "ఇప్పుడు కాను కదా."

అక్టోబరు 30

మామ్మని పొజారెవాత్స్ తీసుకుపోయారు. వ్లాదేత ఆమె కిటికీ రెక్కలు మూసేశాడు.

నవంబరు 2

స్రెచ్కో ఇంటికి ఫోను చేశాను. వాళ్ళావిడ తీసింది. లారీ డ్రైవరుగా వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలియదంది. ఎవరు చేశారని చెప్పమంటారు అంది. ఎవరూ కాదన్నాను.

నవంబరు 6

వెలీజార్ వచ్చాడు. కాఫీ తాగి, మోకాలు ఎలా ఉందని అడిగి, చివరికి అసలు మాట ఎత్తాడు. స్రెచ్కోకి ఇద్దామనుకున్న బాత్రూం ఉంది కదా, నన్ను చెయ్యమన్నాడు. ఎత్తు పీట వేసుకుని మెల్లిగా చేసుకోవచ్చు, తొందరేమీ లేదన్నాడు. పై వాళ్ళూ నా పేరే అంటున్నారట. నమ్మకం ఉన్న చెయ్యి కావాలి తమ్ముడూ అన్నాడు.

నేను కాదంటే ఇంకెవడో చేస్తాడు. వాడు ఎలా చేస్తాడో ఏమో.

సరేనన్నాను.